ముందు బువ్వ చూపియ్యి

నర్సమ్మ పోయిందని కోరుట్ల నుంచి అమ్మ ఫోన్ చేసేసరికి నేను సిరిసిల్లలో మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాను. గుడ్ల అర వెనక దాచుకున్న రెండు పెన్నుల్లో ఏది ఇన్సులినో, ఏది కొత్త సూది మందో ఆ వారంలో మూడోసారి తికమకపడుతున్నాను. రెండూ చూడడానికి రాసుకునే పెన్నుల్లాగే ఉంటాయి. వెనక మీట తిప్పితే టిక్కు టిక్కుమంటూ మోతాదు పెరుగుతుంది. ముందున్న సన్న సూదిని పొట్ట మీద గుచ్చుకోవాలి. ఇన్సులిన్ ఒక్కటే సరిపోవడం లేదని జగిత్యాల డాక్టరు రెండోదాన్ని రాసి అప్పటికి వారమైంది.

ఈ సంగతి అమ్మకు తెలియదు. అసలు నాకు షుగర్ ఉందనే తెలియదు. చెప్పకపోవడానికి కారణముంది, అది తర్వాత చెప్తాను.

"నర్సమ్మ పోయిందే" అంది అమ్మ. "నిద్రల్నే పోయిందట. కొడిమ్యాలకు తీస్కపోతున్నరు."

ఫ్రిజ్ తలుపు మూసి, అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. రెండు పెన్నుల సంగతి ఆమెనే అడుగుదామని వారం నుంచీ అనుకుంటున్నాను. ఇవాళ కాదు రేపని వాయిదా వేశాను. అడిగితే ఏం చెప్పేదో నాకు తెలుసు కూడా. కాసేపటికి లేచి, కొత్తిమీర కట్టకున్న రబ్బరు తీసి ఇన్సులిన్ పెన్నుకు చుట్టాను. ఇరవై ఏళ్లుగా బడిలో పాఠాలు చెప్తున్న నాకు ఆ ఒక్క ఉపాయం తట్టడానికి ఆమె చచ్చిపోవలసి వచ్చింది.

ఆమెకో పేరుండేది. ఆసుపత్రి జీతం కాగితాల మీద తప్ప దానితో ఎవరికీ పనిపడలేదు. కోరుట్లలో మా వాడ మొత్తానికి ఆమె నర్సమ్మ. పొట్టి మనిషి, గట్టి మనిషి. చీర మీద, గుండెకు ఎడమవైపు పిన్నుతో తలకిందులుగా తగిలించుకున్న చిన్న గడియారం. భుజానికి ఒక నల్ల సంచి. ఆ సంచిలో స్టీలు గ్లాసు, గ్లాసులో రెండు బెల్లం ముక్కలు. ఆమె నడుస్తుంటే బెల్లం గ్లాసుకు కొట్టుకుని టకటకమనేది. ఆ చప్పుడు వాడ మొదట్లో వినబడగానే సూది పడాల్సిన వాళ్లంతా ఏదో పని కల్పించుకునే వాళ్లు.

మా నాన్న తాళ్లెక్కేవాడు. నిటారుగా ఉన్న తాటిచెట్టు మీద కూర్చుని ఊరంతా చూసే మనిషి, సూది చూస్తే మాత్రం కళ్లు మూసుకునేవాడు. ఆయనకు షుగర్ వచ్చాక నర్సమ్మ పొద్దున డ్యూటీకి పోతూ, సాయంత్రం తిరిగొస్తూ మా ఇంటి ముందు ఆగి సూది వేసేది. అప్పుడు పెన్నులెక్కడివి, సీసా, సిరంజీ.

"ముందు బువ్వ చూపియ్యి" అనేది.

సూది సంగతి ఆ తర్వాతే. ఉడుకుతున్నది, అయిపోవచ్చింది, ఇదిగో దించుతున్నా అంటే ఒప్పుకునేది కాదు. "దించుతున్నంటే దించినట్టా చెల్లె? నేను సూది ఇచ్చి పోత. నీ కట్టెలు పచ్చిగుంటయి, పొయ్యి అంటుకోదు, నీ మొగడు పడిపోతడు. మల్ల నర్సమ్మనే చంపిందంటరు" అనేది. అమ్మ గొణుక్కుంటూ గిన్నెను గుడ్డతో పట్టుకుని గడప దాకా తెచ్చేది. వాకిట్లో నిలబడ్డ నర్సమ్మకు కనబడేలా వంచి చూపించేది. ఆమె మెడ చాచి చూసి, "ఆఁ, మెతుకు ఇడిసింది" అని అప్పుడు సిరంజీ తీసేది.

ఆమె గడప దాటేది కాదు. గిన్నె కూడా గడప దాటేది కాదు. దాటొద్దని ఆమెకు మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. చెప్పే అవసరం ఆమె రానివ్వలేదు. కొడిమ్యాలలో గుంట భూమి లేని కూలి ఇంట్లో పుట్టి, చర్చి వాళ్ల సాయంతో నర్సు చదువుకున్న మనిషికి ఎక్కడ ఆగాలో ఒకరు చెప్పాలా? నాన్న దండచెయ్యి పట్టుకుని, చర్మం ఒత్తి, సూది గుచ్చి, దూదితో రుద్దే ఆ వేళ్లు మా అన్నం గిన్నెను మాత్రం తాకకూడదు. చిన్నప్పుడు నాకిది వింతగా కూడా తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

దాహమైతే సంచిలోంచి తన గ్లాసు తీసేది. బెల్లం ముక్కలు అరచేతిలోకి వంచుకుని గ్లాసు పట్టేది. అమ్మ పైనుంచి నీళ్లు పోసేది. ఒకసారి ఎందుకో అమ్మకే ఇబ్బందనిపించినట్టుంది, "గ్లాసు మోసుకోని తిరుగుడేంది నర్సమ్మా" అంది.

"షుగర్ పేషంటును చెల్లె. ఎక్కడ కండ్లు తిరుగుతయో ఎరుకేనా? నా గ్లాసు, నా బెల్లం నాకుండాలె" అంది ఆమె నవ్వుతూ.

అప్పటికి ఆమెకు షుగర్ లేదు, బెల్లం సూదులు వేయించుకునే వాళ్ల కోసం. అమ్మ మొహం చిన్నబోకుండా చెప్పిన అబద్ధమది. చాలా ఏళ్ల తర్వాత నిజంగానే షుగర్ వచ్చినప్పుడు, "నా నోట్లె మన్నువడ, నేనే పిలుసుకున్న" అని తన మీద తానే నవ్వుకుంది.

నాన్న పోయాక కూడా ఆమె రాక మానలేదు. రిటైరైంది. షుగర్ ఆమె కళ్ల మీద దెబ్బకొట్టింది. మనుషులు మసగ్గా, అక్షరాలు అసలే కనబడని స్థితి వచ్చింది. అయినా తన సూది తానే వేసుకునేది. పెన్నును సెల్‌ఫోన్‌లా చెవి దగ్గర పెట్టుకుని మీట తిప్పుతూ టిక్కులు లెక్కపెట్టేది. ఆ సమయంలో ఎవరు పలకరించినా ఎడమ చెయ్యి ఎత్తేది, ఆగమని. పూటపూటకూ ఇన్సులిన్ చాలక, డాక్టరు రోజుకొకసారి వేసుకునే ఇంకో సూది మందు జతచేశాక రెండు పెన్నులయ్యాయి. "రబ్బరున్నది ఇన్సులిన్, ఉత్తది కొత్తది" అని తడిమి చూపించేది. ఇన్సులిన్ బొడ్డుకు కుడివైపు, కొత్తది ఎడమవైపు.

రెండూ కలిపి ఒకేసారి పొడుచుకుంటే ఒక పోటు తప్పుతుంది కదా అని నేనోసారి తెలివిగా అడిగాను. నిజానికి వెనకటి రోజుల్లో ఆమే రెండు రకాల ఇన్సులిన్‌ను ఒకే సిరంజీలోకి గుంజి నాన్నకు వేసేది. అది గుర్తు చేశాను కూడా.

"అవి అక్కచెల్లెండ్లు బిడ్డా, కలుస్తయి. ఇవి తోడికోడండ్లు. ఒక్క ఇంట్ల ఉంటయి గని, ఒక్క గిన్నెల వండరాదు" అంది. తర్వాత వేలెత్తి, "ఇంకోటి. కొత్తది వచ్చిందంటే పాతదాన్ని తగ్గియ్యాలె. డాక్టర్ చెప్పినంత. నీ బుద్ధికి తోచినంత గాదు" అంది. ఎదురుగా ఉన్నది షుగర్ లేని టీచరమ్మ అయినా ఆమెకు ఫరక్ లేదు. చెవులుంటే చాలు, చెప్పేది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. మేం ఉద్యోగులమంతా సమ్మెలో ఉన్నాం. బడి లేదు, బస్సు లేదు. నేను కోరుట్లలోనే అమ్మ దగ్గరుండి రోజూ రోడ్డు మీది దీక్షా శిబిరానికి పోయేదాన్ని. నర్సమ్మ కూడా వచ్చేది. "నౌకరి ఉన్నోళ్లదేనా తెలంగాణ?" అని అడిగి మరీ కుర్చీ వేయించుకుంది. దీక్షలో కూర్చున్న వాళ్ల చేతులు పట్టుకుని నాడి చూడడం, నీళ్లు తాగమని తిట్టడం ఆమె పని. ఆమెను చూస్తే పెద్ద పెద్ద నాయకులు కూడా మర్యాదగా మంచినీళ్ల సీసా ఎత్తేవాళ్లు.

ఒకరోజు వంటా వార్పు పెట్టుకున్నాం. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండడం, అక్కడే కూర్చుని తినడం. వాడవాడ నుంచీ బియ్యం, పప్పు, కట్టెలు వచ్చాయి. ఏ ఇంటి బియ్యం పొయ్యి మీది ఏ గంజులో పడ్డాయో ఎవరికీ తెలియదు. అమ్మ మా వాడ ఆడవాళ్లతో పొయ్యి దగ్గర నిలబడింది. రోడ్డుకు ఆ చివర నుంచి ఈ చివర దాకా బంతి సాగుతుందనీ, అందరూ ఒకే వరుసలో కూర్చుంటారనీ మైకులో చెప్తున్నారు. నర్సమ్మ పొద్దున్నుంచీ ఆ బంతి మాటే మాట్లాడుతోంది. ఇస్త్రీ చీర కట్టుకొచ్చింది. రోడ్డు మీద కూర్చోవడానికి ఇస్త్రీ చీరేమిటని నేను ఆటపట్టిస్తే, "నీకేం తెలుస్తది" అంది.

మధ్యాహ్నమైంది. "బువ్వ అయిందా బిడ్డా" అని అడిగింది. నేను పొయ్యిల వైపు చూశాను. గంజు దించి, పైన గుడ్డ కప్పుతున్నారు.

"అయింది నర్సమ్మా. దించిండ్రు."

"ఆఁ, వాసనస్తున్నది" అని సంచి తీసింది. డప్పులు మోగుతుంటే టిక్కులు వినబడవని శిబిరం వెనక్కి నడిపించుకుపోయాను. ఆమె లెక్కపెట్టింది, పక్కన నేనూ చూశాను. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. తప్పేమీ జరగలేదు. ఆమె సూత్రం ప్రకారమే అన్నం ముందు, సూది తర్వాత.

తీరా వచ్చి కూర్చున్నాక మైకులో ఇంకో మాట చెప్పారు. జగిత్యాల నుంచి నాయకుడొకాయన వస్తున్నాడు, ఆయన నాలుగు మాటలు చెప్పాక బంతి మొదలవుతుంది. ఆయన వచ్చేసరికి అరగంట. ఆ నాలుగు మాటలూ ఎంతకూ అయిపోలేదు. అన్నం కళ్ల ముందే ఉంది. ఎవరూ కూర్చోరు, ఎవరూ వడ్డించరు.

నర్సమ్మ నుదుటి మీద చెమట పట్టింది. ఎండకేమో అనుకున్నాను. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "సిస్టర్, నీ డ్యూటీ ఎప్పుడు దిగుతది" అని అడిగింది. ఆ చెయ్యి వణుకుతోంది. నన్ను తోటి నర్సనుకుంటోంది, షుగర్ పడిపోతోంది. ఆమె సంచి లాగి గ్లాసు తీశాను. ఖాళీ. ఆ పొద్దున ఊరేగింపులో కళ్లు తిరిగి కూలబడ్డ ముసలవ్వ నోట్లో ఆ రెండు బెల్లం ముక్కలూ పెట్టేసింది. బంద్ కదా, చుట్టూ అన్నీ మూసిన దుకాణాలే.

"నేను ఇంత అన్నం పెట్టుకొస్త. ఈ పక్కకు కూసోని తిను" అన్నాను.

"పక్కకా" అంది. ఆ మాట స్పష్టంగానే అంది. "ముప్పయ్యేండ్లు పక్కకే తిన్న బిడ్డా. ఇయ్యాల బంతిల తింట. అందరు కూసున్నంకనే తింట."

ఇస్త్రీ చీర ఎందుకో అప్పుడు అర్థమైంది. ఆమె ప్రాణం పోతుందేమోనన్న భయం ఒకవైపు, బలవంతంగా పక్కన కూర్చోబెట్టి తినిపించడానికి రాని చేతులు ఒకవైపు. మా వాడ మామ ఒకాయన వంగి చూసి, "తీపి కల్లున్నది, రెండు గుక్కలు పొయ్యాల్నా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు పాపం. ఆమె కళ్లు మూసుకునే, "కల్లుతోని షుగర్ ఇంకింత కిందికి పోతది" అని జవాబు చెప్పింది. స్పృహ తప్పుతున్నా నర్సు నర్సే.

పరిగెత్తుకుంటూ పోయి అమ్మకు చెప్పాను. "అన్నం తియ్యమ్మా, తొందరగ."

"అన్నం ఏం జేస్తది ఇప్పుడు?" అంది అమ్మ. "చక్కెర కావాలె. ఆ కొత్త సూదితోని కడుపుల బువ్వ నిమ్మళంగ దిగుతదని ఆమెనే చెప్పింది గదా. ముందు చక్కెర నీళ్లు, మల్ల బువ్వ." ఇన్నేళ్లు ఆమె వాకిట్లో నిలబడి చెప్పిన ప్రతి మాటా అమ్మ గడప లోపలి నుంచి వింటూనే ఉంది. చదువుకున్న నేను మరిచిపోయాను. అమ్మ మా సందులోకి ఉరికి, ఇంట్లో మేం తాగే ఇత్తడి చెంబులో చక్కెర నీళ్లు కలుపుకుని, చేత్తోనే కలియబెడుతూ తిరిగొచ్చింది.

నర్సమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చెంబు చూడగానే నర్సమ్మ అలవాటు కొద్దీ రెండు చేతులూ దోసిలిపట్టి గడ్డం కింద పెట్టుకుంది, అమ్మ పైనుంచి పోస్తుందని.

"చేతులు తియ్యి" అంది అమ్మ. "మూతి పెట్టు."

నర్సమ్మకు అర్థం కాలేదు. దోసిలి అలాగే ఉంచింది. అమ్మ తన మోచేత్తో ఆ చేతుల్ని పక్కకు నెట్టి, చెంబును ఆమె పెదవులకు ఆనించి, తల వెనక చెయ్యి పెట్టి తాగించింది. సగం చీర మీద ఒలికింది. సగం లోపలికి పోయింది. కాసేపటికి నర్సమ్మ కళ్లు తెరిచి, "చక్కెర ఎక్కువేసినవు చెల్లె" అంది. నేను ఏడుస్తూ నవ్వాను.

అమ్మ లేచి నేరుగా మైకు దగ్గరికి పోయింది. జీవితంలో నలుగురిలో గొంతెత్తని మనిషి. "సారూ, మీ ముచ్చట తిన్నంక చెప్పుండ్రి. ఇక్కడ సూది పొడుసుకున్న మనిషున్నది" అంది. ఆ మాట మైకులో రోడ్డంతా వినబడింది. ఆయన మంచివాడే, వెంటనే ఆపి కిందికి దిగాడు. అమ్మ రెండు మోదుగాకుల విస్తళ్లు తెచ్చి రోడ్డు మీద వేసి, నర్సమ్మను ఒకదాని ముందు కూర్చోబెట్టి, రెండోదాని ముందు తాను కూర్చుంది. ఆ తర్వాత వాళ్లకు అటూ ఇటూ బంతి సాగింది.

నర్సమ్మ నాలుగు ముద్దలు తిని ఆగిపోయింది. ఒంట్లో బాగాలేదేమోనని నేను కంగారుపడ్డాను.

"బాగనే ఉన్న బిడ్డా. ఈ కొత్త సూది ఆకలిని చంపుతది" అంది. విస్తరిలో మిగిలిన అన్నాన్ని చూస్తూ, "ఇన్నేండ్లకు బంతిల కూసుంటే, కడుపు నాలుగు ముద్దలకే నిండె. ఏం చెయ్యాలె చెప్పు" అని పెద్దగా నవ్వింది. కానీ లేవలేదు. చివరి మనిషి తినడం అయ్యేదాకా ఆ విస్తరి ముందే కూర్చుంది.

అమ్మ ఆ ఒక్కరోజుతో మారిపోయిందని చెప్పను. ఆ సాయంత్రం ఆమె చెంబు కడుగుతుంటే నేను దొంగచూపులు చూశాను, బూడిద పెట్టి తోముతుందేమోనని. తోమలేదు. మామూలుగా తొలిచి, నీళ్లు నింపి, ఎప్పుడూ ఉండే చోటే పెట్టింది. మర్నాడు నర్సమ్మ వస్తే లోపలికి రమ్మని పిలిచింది, మొహం మాత్రం గోడకేసి తిప్పుకుని పిలిచింది. నర్సమ్మ వచ్చింది. వంటింటి దాకా వచ్చి గిన్నె మూత తానే తీసి, వేళ్లతో మెతుకు నలిపి చూసింది. గ్లాసు మాత్రం తనదే తీసుకుంది. "అలవాటైంది చెల్లె" అంది. అమ్మ ఆ పూటంతా అలిగింది.

కానీ ఆ రోడ్డు మీద నర్సమ్మ కళ్లు తేలేయడం అమ్మను వదల్లేదు. తర్వాత ఎవరింట్లో సూది మాట వినబడినా, "నా బిడ్డకు ఆ కష్టం రావద్దు" అని దండం పెట్టుకునేది. అలాంటి మనిషికి నాకు షుగరని ఎలా చెప్పను? ఒకటి కాదు, రెండు సూదులని ఎలా చెప్పను?

పోయిన వారం కొడిమ్యాలలో ఆమె జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. నేను సిరిసిల్ల నుంచి రుద్రంగి మీదుగా కోరుట్ల పోయి, అమ్మను తీసుకుని వెళ్లాను. అమ్మకు ఇప్పుడు నడుము వంగింది, చెవులు కూడా సరిగా వినబడవు. నర్సమ్మ చెల్లెలు మమ్మల్ని గుర్తుపట్టి లోపల కూర్చోబెట్టింది. గోడకు నర్సమ్మ ఫొటో, గుండె మీద తలకిందుల గడియారంతో. ఫొటో కింద ఆ స్టీలు గ్లాసు బోర్లించి ఉంది.

ప్రార్థన చివరికి వచ్చిందనిపించింది. పందిట్లోంచి అన్నం వాసన వచ్చింది. నేను పెరట్లోకి పోయి, సంచి చాటున రబ్బరున్న పెన్ను కుడివైపు, ఉత్తది ఎడమవైపు పొడుచుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. పాస్టరు అయ్యగారు ఇంకో వాక్యం తీశారు. తర్వాత నర్సమ్మ సూదులు తిన్న వాళ్లు ఒక్కొక్కరూ లేచి ఆమె గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆపమని ఎవరంటారు? గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. నా చేతికి కాస్త చెమట పట్టింది.

అమ్మ నేలకు చెయ్యి ఆనించి మెల్లగా లేచింది. మాట్లాడుతున్న ఆయన ఆగాడు.

"అయ్యగారూ, తప్పనుకోవద్దు" అంది అమ్మ. "ఆమె ఇంట్ల ఇట్ల చెయ్యద్దు. సూది పొడుసుకున్నోళ్లు ఎవరన్న ఉన్నరా? ముందుగాల వాళ్ల ముంగట ఆకు ఎయ్యిండ్రి."

ముందు వరుసలో ఒక ముసలాయన చెయ్యెత్తాడు. వెనక ఇంకెవరో ఎత్తారు. నేను ఫొటో కింది గ్లాసు వైపు చూశాను. తర్వాత నేనూ ఎత్తాను.

అమ్మ నా చేతిని చాలాసేపు చూసింది. పందిట్లోకి పోయి రెండు విస్తళ్లు పట్టుకొచ్చింది. ఒకటి నా ముందు వేసి, ఒకటి తన ముందు వేసుకుని, నడుము పట్టుకుని నా పక్కన కూర్చుంది.

"ఎన్ని" అంది.

"రెండు."

"ఎప్పటి సంది?"

చెప్పాను. అమ్మ కళ్లు తుడుచుకుంది. వడ్డించే అమ్మాయి బకెట్‌తో వస్తోంది. అమ్మ నా వైపు తిరిగి, అచ్చం నర్సమ్మలాగే వేలెత్తి అడిగింది.

"బువ్వ చూసి పొడుసుకున్నవా?"

"వాసన చూసి" అన్నాను.

"ఇంకోసారి అట్ల చెయ్యకు" అని, నా విస్తరిలో పడ్డ అన్నం మెతుకు తీసి వేళ్లతో నలిపి చూసి, "తిను" అంది.